గురువులమ్మ గుల్లదిబ్బ

మా తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని కాలం. అప్పుడు ఉప్పుటేటి పక్కన గురువులమ్మ అనే ఆడమనిషి ఉండేది. మొగుడు చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ లేదు, వల లేదు. ఏట్లో నీళ్లు వెనక్కి తీశాక బురదలో దిగి గుల్లలు ఏరేది. ఉడకేసి లోపలి కండ తిని, చిప్పలు గుడిసె పక్కన పోసేది. పోసి పోసి అదొక దిబ్బయింది.

ఊరివాళ్లు ముక్కు మూసుకునేవారు. "గుల్లలు తినేదానికి ఊళ్లో చోటేంటి? అక్కడే ఉండు" అన్నాడు ఊరిపెద్ద పోలయ్య. ఆమె అక్కడే ఉండిపోయింది.

ఒక ఏడు వలకి చేప పడలేదు. పిల్లల్ని చంకనేసుకుని ఊరంతా ఏటి పక్కకి వచ్చింది. గురువులమ్మ కుండ దించి, "ముందు పిల్లలకి పెట్టండమ్మా" అంది. తిన్నారు. చేపలు తిరిగొచ్చాక మూతులు తుడుచుకుని వెళ్లిపోయారు.

రెండో కరువొచ్చింది. మళ్లీ వచ్చారు, తిన్నారు, మూతులు తుడుచుకుని వెళ్లిపోయారు.

మూడో కరువుకి పోలయ్యే వచ్చి కుండ ముందు కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇక్కడ తిన్నామని ఎక్కడా అనకు" అన్నాడు.

"అననులే మావా" అంది గురువులమ్మ.

దిబ్బ మాత్రం ఇంటెత్తు లేచింది.

ఒక మధ్యాహ్నం ఉప్పెన వచ్చింది. చుట్టూ చదును ఇసక. ఊరంతా ఆ దిబ్బ మీదికే ఎగబాకింది. గురువులమ్మ అప్పటికి ముసలిది. ఏట్లోంచి పడుతూ లేస్తూ వచ్చి చెయ్యి చాపింది.

"కాస్త జరగండమ్మా."

ఎవరూ జరగలేదు. నీళ్లు నడుముకొచ్చాయి.

"కాస్త జరగండమ్మా."

ఎవరూ జరగలేదు. నీళ్లు మెడకొచ్చాయి. ఆమె పోలయ్య వైపు చూసింది.

"మావా, కాస్త జరుగు."

"చోటు లేదే" అన్నాడు పోలయ్య. ఆయన పక్కన బియ్యం మూట ఉంది.

నీళ్లు తీశాక ఊరు బతికింది. ఆమె దొరకలేదు. ఆ బియ్యం పోలయ్యకి గొంతు దిగలేదంటారు కొందరు. శుభ్రంగా తిన్నాడంటారు కొందరు.

ఎన్నో తరాలకి పట్నం నుంచి పాత దిబ్బలు తవ్వి చూసేవాళ్లు వచ్చారు. ఒక పక్క పొరలు పొరలుగా తీశారు. చిప్పలు, బూడిద, కుండపెంకులు, మళ్లీ చిప్పలు. "ఇన్ని గుల్లలు ఎవరు తిన్నారమ్మా?" అని అడిగారు.

ఊళ్లో ఒక ముసలమ్మ దాచకుండా చెప్పింది. "మేమే తిన్నాం బాబూ. వండినావిడని ముంచేశాం."

ఇప్పటికీ ఉప్పెన వచ్చిన తిథినాడు ఇంటింటా గుల్లలు వండుతారు. తాము తినకముందే ఒక ముంతలో దిబ్బ కింద పెట్టి వస్తారు. పైకి ఎవరూ ఎక్కరు. తెలియక పిల్లలు ఎక్కితే, తల్లులు చెయ్యి పట్టుకుని దింపుతారు.

"దిగమ్మా" అంటారు. "అది మనది కాదు."