హైమ తీర్చుకున్న మొక్కు

అనగనగా, మరీ అంత దూరం కాదులే, రైలు గేటు దాటగానే వచ్చే ఒక ఊళ్ళో హైమ అని ఒకమ్మాయి ఉండేది. ఊఁ కొట్టు. కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తా.

మా అమ్మ పేరు కూడా హైమే కదా అంటావేంటే? లోకంలో హైమలకి కరువా? విను.

ఆ హైమకి మొదట ఒక కూతురు, ఆ తర్వాత ఒక కొడుకు. కొడుకు పేరు శశి. వాడు నెలలు నిండకుండానే పుట్టేశాడు. గుప్పెడంత ఉన్నాడని ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. అప్పుడు హైమ ఆ పెట్టె పక్కన నిలబడి కొండమీది స్వామికి దణ్ణం పెట్టుకుంది. "నా బిడ్డని బతికించు సామీ, తలనీలాలు ఇచ్చుకుంటాను" అంది. బిడ్డ బతికాడు.

మొక్కు తీరేదాకా పుట్టువెంట్రుకల మీద కత్తెర పడకూడదు కదా. ఇవ్వడం కూడా బేసి ఏట్లోనే ఇవ్వాలి. మొదటి ఏడు పిల్లాడు నలతగా ఉన్నాడని ఆగారు. మూడో ఏట కొండకి తీసుకెళ్ళారు.

అక్కడ గుండ్లు చేసే చోట మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. తల మీద నీళ్ళు చల్లారో లేదో, శశి కేకలు మొదలుపెట్టాడు. ఉత్త ఏడుపు కాదమ్మా, ఊపిరి తిరగని కేకలు. కాళ్ళు ఒకరు పట్టుకున్నారు, చేతులు ఒకరు పట్టుకున్నారు. హైమ తల పట్టుకుంది. కత్తి జారి చెవి పక్కన గీరుకుంది. ఆ గుండు చేసే ఆయనే కత్తి కింద పెట్టేసి, "నావల్ల కాదు తల్లీ" అన్నాడు. ఆ తర్వాత పదిరోజులు శశి వాళ్ళమ్మ దగ్గరికి రాలేదు.

అప్పటికింకా వాడికి మాటలు లేవు. పిలిస్తే తిరిగి చూడడు. తిరిగే ఫ్యాను కింద పడుకుని గంటలకొద్దీ దాన్నే చూస్తాడు. పిల్లాడికి ఫోను అలవాటు చేసి చెడగొట్టిందని చుట్టాలు హైమని అన్నారు. ఇంట్లో హైమ వాళ్ళమ్మ ఒక ముసలమ్మ ఉండేది, మహా మొండిది. వసకొమ్ము అరగదీసి పిల్లాడి నాలిక్కి రాసేది. "మొక్కు తీరలేదు, అందుకే మాట రాలేదు" అని పొద్దున్నా సాయంత్రం అదే పాట.

అప్పుడు హైమ వాణ్ణి పట్నంలో డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ మూడు రోజులు వాడితో ఆడి, పిలిచి, బొమ్మలిచ్చి చూసింది. "ఇది ఆటిజం అమ్మా. మీ పెంపకంలో తప్పేం లేదు. మీ వాడికి చప్పుడు మనకంటే పెద్దగా వినిపిస్తుంది, తల మీద చెయ్యి పడితే నిప్పు పడినట్టుంటుంది. మందు లేదు. ఓపిగ్గా నేర్పుకోవాలి" అంది. ఆ ఓపిక ఎక్కడ దొరుకుతుందో మటుకు చెప్పలేదు.

ఆ తర్వాత వారానికి నాలుగు రోజులు థెరపీ. రెండు బస్సులు మారాలి. వాడు పెరుగన్నం తప్ప తినడు, అదీ ఆ ఒక్క పళ్ళెంలోనే. రాత్రి రెండు గంటలు పడుకుంటే గొప్ప. హైమ పొయ్యి దగ్గర నిలబడే కునికేది, పాలన్నీ పొంగిపోయేవి.

శశికి ఐదో ఏడు వచ్చింది. ముసలమ్మ ఆగిందా? లేదు. ఒక మధ్యాహ్నం హైమ స్నానానికి వెళ్ళగానే మంగలిని ఇంటికే పిలిపించింది. పిల్లాడు నిద్రలో ఉండగా నాలుగు పాయలు కత్తిరించి మూట కట్టి కొండకి పంపుదామనుకుంది. కత్తెర చప్పుడుకే శశి లేచాడు. లేచి గోడకి తల బాదుకున్నాడు. హైమ తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చి, వాడికీ గోడకీ మధ్యలో తన చెయ్యి పెట్టింది. వాడు ఊరుకున్నాక అంది, "అమ్మా, నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదే."

ముసలమ్మ మీద కోపం వస్తోందా? రానీ. నాకూ వస్తోంది.

కానీ హైమకీ భయమే. దేవుడికిచ్చిన మాట, తీర్చకపోతే బిడ్డకేమవుతుందో అని. తీర్చాలంటే మళ్ళీ బిడ్డ తల తనే పట్టుకోవాలి. ఎటూ తేలక నెల్లాళ్ళు నలిగిపోయింది. ఆఖరికి పెద్దపిల్లని పరీక్షలని నాన్న దగ్గర వదిలేసి, రెండోసారి అందరూ కొండకి బయల్దేరారు. అదీ నిన్ననే.

మేనమామ శశిని ఎత్తుకోబోయాడు. అప్పుడు హైమ వాణ్ణి దూరంగా మెట్ల మీద కూర్చోబెట్టి, తనే వచ్చి పీట మీద కూర్చుంది.

"మూడు కత్తెర్లా అమ్మా?" అని అడిగాడు గుండు చేసే ఆయన. ఆడవాళ్ళకి అంతే కదా ఎక్కువగా.

"కాదన్నా, మొత్తం తీసెయ్."

ముసలమ్మ గుండె బాదుకుంది. "రేపు పెళ్ళికీ పేరంటానికీ ఏ మొహంతో వెళ్తావే?"

"మొక్కుకున్నది నేను, వాడు కాదు. వాడి తల జోలికి ఇంకెవరూ రావద్దు" అంది హైమ. నడుము దాటే జుట్టు, అంతా కింద పడింది.

ఆ తర్వాత హైమ వెళ్ళి మెట్ల మీద కూలబడింది. శశి చూశాడు. తనంతట తనెప్పుడూ ఎవర్నీ ముట్టుకోని పిల్లాడు, లేచొచ్చి ఆ గుండు మీద అరచెయ్యి పెట్టాడు. ముందుకి రాశాడు, వెనక్కి రాశాడు. కిలకిలా నవ్వి పక్కనే కూర్చున్నాడు. హైమ మెల్లగా వాడి ఒళ్ళోకి తల వాల్చి, అక్కడే నిద్రపోయింది.

బస్సు వచ్చింది, లేపుదామన్నాడు మేనమామ. "బస్సుకేం, ఇంకోటొస్తుంది" అంది ముసలమ్మ. నాలుగు బస్సులు వెళ్ళిపోయాయి.

తమ్ముడికి మాటలొచ్చేస్తాయా అంటావా? ఏమో తల్లీ. గుండు చేయించుకుంటే వచ్చేవైతే ఊరంతా గుండ్లే ఉండేవి. రేపు మళ్ళీ ఆ రెండు బస్సులే. రేపు మటుకు వాడితో ఈ మొండి ముసలమ్మే వెళ్తుంది. ఈ రాత్రి వాడు లేస్తే నా దగ్గరికే రానీ. పొద్దున్న మీ అమ్మని చూసి సిగ్గుపడకు, ఆ గుండు మీద ఒక ముద్దు పెట్టు.

కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి,
నిద్రేమో మీ అమ్మకి.