ఏతం రాయి

కాళ్ళు అటు జరుపుకో నాన్నా, పొద్దున్నించీ అమ్మమ్మ నడుం పీకేస్తోంది. చిన్న కథే చెబుతాను.

అనగనగా, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. వాళ్ళాయన కూర్మయ్య చాపలు అల్లేవాడు. వాళ్ళకి ఉన్నదల్లా ఒక చిన్న మడిలో మిరప నారు. ఉన్న గింజంతా అందులోనే చల్లేశారు. అది ఎండిపోయిందంటే మళ్ళీ చల్లడానికి ఇంట్లో గింజ లేదు, ఆ ఏడంతా పస్తులే.

మడి పక్కన నుయ్యి, నూతి మీద ఏతం. ఏతం అంటే ఏం లేదురా, ఒక గుంజ మీద అడ్డంగా పొడవాటి దుంగ. నూతివైపు కొసకి తాడూ, బానా. వెనకవైపు కొసకి ఒక రాయి. నూకాలు తెల్లారకముందే తాడు పట్టుకునేది. తోడి తోడి ఆవిడ రెక్కలు పడిపోయేవి. ఇంటికొచ్చి ముద్ద కలుపుకునే ఓపిక కూడా ఉండేది కాదు పాపం.

ఒకరోజు కూర్మయ్య అటుగా వచ్చి పెళ్ళాన్ని చూశాడు. జాలేసింది. మంచివాడే, కానీ ఏనాడూ ఏతం తాడు ముట్టిన పాపాన పోలేదు. "అయ్యో, నీళ్ళ బరువు చాలదని ఈ రాయిని కూడా నువ్వే లాగాలా?" అన్నాడు. అని, రాయి విప్పేసి దొర్లించుకెళ్ళి నూతిలోకి తోసేశాడు. బుడుంగ్! పీడ పోయిందనుకున్నాడు మహానుభావుడు.

అప్పుడు నూకాలు బాన ముంచింది. పైకి లాగబోతే, కదిలితేగా!

"ఎంత పని చేశావు మావా! ఖాళీ బాన దించేటప్పుడు నా ఒళ్ళంతా తాడు మీద వేస్తాను, రాయి పైకి లేస్తుంది. నిండు బాన వచ్చేటప్పుడు ఆ రాయే దిగుతూ పైకి లాగుతుంది. ఇప్పుడు అంత బరువూ నా చేతులతోనే లాగాలి" అంది. కోప్పడ్డానికి కూడా ఓపిక లేదు ఆవిడకి.

ఆ తర్వాత కూర్మయ్య గాభరాపడి, దిబ్బ మీదికి పరిగెత్తి, అక్కడున్న వాటిలోకెల్లా పెద్ద రాయి దొర్లించుకొచ్చి కట్టాడు. ఎంత పెద్దదైతే అంత సుఖం అనుకున్నాడు. నూకాలు తాడుకి వేలాడింది. బాన దిగలేదు సరికదా, ఆవిడ కాళ్ళే నేల వదిలేశాయి! నవ్వకురా, పడితే నడుం విరిగేది. ఎండ మాడ్చేస్తోంది. నారు అప్పుడే తల వాల్చేసింది.

"ఉండు, ఇంకో రాయి తెస్తా" అని కూర్మయ్య మళ్ళీ బయల్దేరాడు.

"నువ్వు తెచ్చేదాకా నారు బతకదు మావా. నేనూ బతకను" అని నూకాలు కూలబడిపోయింది. ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులోనే కావడి గుర్తొచ్చింది. కావడిలో ఒకవైపు బరువెక్కువైతే ఏం చేస్తాం? కుండ మార్చం. కర్ర జరిపి, బరువున్న వైపుని భుజానికి దగ్గర చేసుకుంటాం.

"రాయి మార్చొద్దు. దాన్నే కొసనించి గుంజ వైపు జరిపి కట్టు" అంది.

జానెడు జరిపాడు, బాన దిగలేదు. మూరెడు జరిపాడు, దిగింది గానీ మొండికేసింది. ఇంకాస్త జరిపాడు. అప్పుడు బాన మెల్లగా దిగి, మునిగి, నిండుగా పైకొచ్చింది. అదే రాయిరా, గుంజకి దూరంగా ఉన్నంతసేపూ కొండంత బరువు, దగ్గరికొచ్చేసరికి మాట విన్నది.

కూర్మయ్య పొంగిపోయాడు. "ఇంకేం! ఇక రాయే తోడుతుంది, నీకు పనే లేదు!"

నూకాలు అరచేతులు చాపి చూపించింది. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. "ఆ రాయిని పైకి లేపేది ఎవరనుకున్నావు మావా? నేనే. బాన దించిన ప్రతిసారీ నేనే" అంది.

కూర్మయ్య తువ్వాలు చేతికి చుట్టుకుని ఆవిడ దగ్గర తాడు అందుకున్నాడు. నాలుగు బానలకే రొప్పాడు. అయినా వదల్లేదు. మడంతా తడిసి, చివరి మొక్క దాకా నీళ్ళు పారేదాకా తోడాడు.

తోడి వెనక్కి తిరిగితే, నూకాలు గట్టు మీదే ఒరిగి నిద్రపోతోంది. పెళ్ళయ్యాక పొద్దుండగా ఆవిడ కునుకు తీయడం అదే మొదటిసారి. లేపబోయి ఆగిపోయాడు. ఎండ ఆవిడ ముఖాన పడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి,
ఇక కునుకు రావాలి కంటికి.