మగ్గాల వీధికి కామెర్లు ఎట్లా వచ్చాయి

అనగనగా, మరీ పాత రోజుల్లో కాదులే తల్లీ, ఒక ఊళ్ళో మగ్గాల వీధి అని ఉండేది. ఆ వీధికి మస్తానమ్మ రోజూ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకొని వచ్చేది. పై వీధిలో సగం అమ్మి, మిగతాది ఇక్కడ అమ్మేది.

ఒక ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మురుగుకాలవలు పొంగి మూడు రోజులకు తగ్గాయి. అందరూ ఆ సంగతి మర్చిపోయారు.

ఆ తర్వాత నెల తిరిగాక ఒక నేతగాడికి జ్వరం వచ్చింది. అన్నం వాసన తగిలితే వాంతి. కాలు కదపలేనంత నీరసం. ఒంటికి వెళ్తే టీ డికాషను రంగు. అప్పుడు చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి. వారం తిరక్కుండానే పక్కింట్లో ఒకరు, ఎదురింట్లో ఒకరు అట్లాగే మంచాన పడ్డారు.

అప్పుడు వీధిలో ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా చూసుకోవడం మొదలైంది. 'కామెర్లు ఊరికే రావు, ఎవరో తెచ్చారు' అనుకున్నారు. బయటి నుంచి రోజూ వచ్చేదెవరు? మస్తానమ్మ. ముందు ఆమె కుండలోకి తొంగి చూశారు. ఆ తర్వాత మజ్జిగ కొనడం మానేశారు. ఆ తర్వాత ఆమె కనబడితే తలుపులేసుకున్నారు.

అందరికన్నా ముందు తలుపేసింది తులశమ్మ. ఆవిడ కోడలు భాగ్యవతికి ఎనిమిదో నెల. "మా గడప దగ్గర ఆగొద్దు. నీ మజ్జిగలో ఏముందో నీకే తెలియాలి," అంది.

మస్తానమ్మ కుండ సర్దుకొని ముందుకు నడిచింది. కానీ ఆమెకూ ఒక అనుమానం పట్టుకుంది. పై వీధివాళ్ళూ ఇదే మజ్జిగ తాగుతున్నారు, వాళ్ళకేం కాలేదు. వాళ్ళవి బోరునీళ్ళు, వీళ్ళవి పంపునీళ్ళు. అప్పుడు ఆమె వీధి చివరి పంపు దగ్గరికి వెళ్ళి చూసింది. నీళ్ళ గొట్టం మురుగుకాలవలోంచే వస్తోంది. పంపు ఆగిపోయిన కాసేపటికి, గొట్టం అతుకు దగ్గర మురుగు సుడి తిరుగుతూ లోపలికి పోతోంది.

అంతలోనే భాగ్యవతి మంచాన పడింది. జ్వరం, వాంతులు, పచ్చటి కళ్ళు. తులశమ్మ పసరు మందు ఇచ్చేవాడికి కబురు పెట్టింది. అది విని మస్తానమ్మ వచ్చి తలుపు కొట్టింది.

"అక్కా, జలుబు చేస్తుందని నెల తప్పినప్పుడే భాగ్యానికి మజ్జిగ మాన్పించింది నువ్వే గదా. నా కుండలోంచి వస్తే ఆ పిల్లకెట్లా వచ్చింది?"

తులశమ్మ తలుపు ఓరగా తెరిచింది.

"పసరు పోయించొద్దు. నెలలు నిండుతున్నప్పుడు ఈ కామెర్లు మంచివి కావు. మా చెల్లెలికి నాలుగు రోజులు పసరు పోయించాం. ఐదో రోజు అది లేదు."

ఇదంతా చెప్తే ఈవిడకేం ఒరుగుతుందా అని తులశమ్మ ఆలోచించింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అప్పుడు ఆటో పిలిపించింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. "ఇది హెపటైటిస్ ఇ. మురుగు కలిసిన నీళ్ళతో వస్తుంది. తాగిన నెలకో నెలన్నరకో బయటపడుతుంది, అందుకే ఎవరికీ నీళ్ళ మీద అనుమానం రాదు. చాలామందికి విశ్రాంతితోనే తగ్గిపోతుంది. గర్భిణులకు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడే ఉంచండి," అంది.

రెండు రోజులు భాగ్యవతి మగతలోనే ఉంది. అత్తగారిని కూడా గుర్తుపట్టలేదు. మూడో రోజు బిడ్డ పుట్టింది, గుప్పెడంత. గాజుపెట్టెలో పెట్టారు. ఆ తర్వాత నాలుగు రోజులకు భాగ్యవతి కళ్ళు తెరిచి, "జావ ఉందా అత్తా?" అని అడిగింది. తులశమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఇక్కడ మస్తానమ్మ పంపులు చూసే అధికారిని పిలుచుకొచ్చింది. "నీళ్ళు తేటగానే ఉన్నాయి గదమ్మా," అన్నాడాయన. "అయితే మీరొక గ్లాసు తాగండి బాబూ," అని పట్టిచ్చింది. ఆయన గ్లాసు పట్టుకొని చాలాసేపు చూసి, కింద పెట్టేశాడు. మర్నాడే కాలవ తవ్వి గొట్టం మార్చారు. అందాకా అందరూ నీళ్ళు మరిగించుకొని తాగారు.

వీధిలో తలుపులు మాత్రం ఒక్కరోజులో తెరుచుకోలేదు. మూడిళ్ళవాళ్ళు ఆమె వైపు చూడటానికే మొహం చెల్లక, ఇంకా తలుపులు వేసుకునే ఉన్నారు.

నెల తర్వాత తులశమ్మ గుమ్మంలో నిలబడి మస్తానమ్మను పిలిచింది. "నన్నేనా?" అని మస్తానమ్మ వెనక్కి చూసుకుంది. తులశమ్మ పసిదాన్ని ఆమె చేతులకు అందించబోయింది. మస్తానమ్మ తీసుకోలేదు. పక్కకు తిరిగి పెరట్లోకి వెళ్ళిపోయింది. కోపం పోలేదు కాబోలని తులశమ్మ తల దించుకుంది.

మస్తానమ్మ మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కొని వచ్చి, అప్పుడు చేతులు చాపింది.

కథ వెళ్ళింది కంచి దాకా,
కునుకు వచ్చింది మంచం దాకా.