జారిన పొర

రవళికి రెండే కోరికలు. కంటి నల్లగుడ్డు లోపల కొత్త పొర అతికించే ఆపరేషన్ తన చేత్తో చెయ్యాలని ఒకటి. అది చూసి పరంజ్యోతి గారు ‘బాగుంది’ అనాలని రెండోది.

మొదటిది ఆ పొద్దున్నే తీరింది. రెండోదే కష్టం. పెద్ద డాక్టరు గారు దేనికైనా ‘ఊఁ’ అనేవారంతే. ఆ ‘ఊఁ’ పొడుగుని బట్టి శిష్యులు తమ పనితనం అంచనా వేసుకునేవారు. రవళికి ఇంతవరకూ అన్నీ పొట్టివే వచ్చాయి.

ఆ పొర ఉల్లిపొర కన్నా పల్చన. కుట్టు పడదు. కంట్లో గాలిబుడగ పెడితే అదే దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. అందుకని పేషెంటు వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండాలి.

ఆ పొద్దున ఆపరేషనైన సన్యాసమ్మ అలాగే పడుకుంది. మధ్యాహ్నం పక్కకి తిరిగింది. పొర జారిపోయింది.

తోడుగా వచ్చిన మొగుడు గవరయ్య, ఎప్పుడో కోడిపుంజు దగ్గర తగాదా పడి ఏళ్ల తరబడి ఆవిడతో మాట మానేసిన మనిషి. మంచం పక్కన స్టూలు మీంచి ఉన్నట్టుండి, “ఏటే, ఆకలేస్తందేటి?” అన్నాడట.

రవళి ముక్కుపుటాలు అదురుతుండగా గురువు గారి దగ్గరికొచ్చింది. తన చేతిలో తప్పు లేదంది. కదలొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానంది.

“పైకి చూస్తూ పడుకోవడం సార్. ఎంత చిన్న పని.”

“చాలా చిన్న పని,” అని ఒప్పుకుని, ఆయన వార్డులో ఖాళీ మంచం చూపించారు. “పడుకో.”

పడుకుంది. ఫ్యాను చూసింది. ఫ్యాను రెక్కల దుమ్ము చూసింది. నర్సులు మూతి బిగించుకుని నవ్వుతూ వెళ్తున్నారని తెలుస్తూనే ఉంది. పంతం కొద్దీ చూపు తిప్పలేదు. గురువు గారు పక్కనే స్టూలేసుకుని పేపరు చదువుకుంటున్నారు.

చాలాసేపటికి పేజీ తిప్పిన చప్పుడైంది. ఆ వెనకే మెల్లగా ఓ మాట.

“పొద్దున నీ చెయ్యి చాలా బాగుందమ్మా.”

రవళి గభాలున పక్కకి తిరిగింది.

ఆయన పేపరు మడతపెట్టారు. “జారిపోయింది,” అని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం రవళి మళ్లీ గాలిబుడగ పెట్టింది. ఈసారి సన్యాసమ్మకి కదలొద్దని చెప్పలేదు. గవరయ్య స్టూలు ఎత్తుకెళ్లి మంచం తలాపున వేసింది, వంగితే అతని మొహం ఆవిడ కట్టులేని కంటికి సూటిగా పైన ఉండేట్టు.

“మాట్లాడు తాతా,” అంది. “ఎంతసేపైనా.”

మర్నాడు పొర అతుక్కునే ఉంది. పరంజ్యోతి గారు చూసి ‘ఊఁ’ అన్నారు. కాస్త పొడుగ్గానే.

రవళికి అది చాల్లేదు. “సార్, నిన్న మంచం దగ్గర అన్న మాట... నిజంగానే అన్నారా?”

ఆయన అప్పటికే తర్వాతి పేషెంటు రెప్ప ఎత్తుతున్నారు.

“పైకి చూడమ్మా,” అన్నారు.

పేషెంటూ చూసింది, రవళీ చూసింది.