గురవమ్మ గోలీ

శుకవనం రాజుగారికి గోలీలాట పిచ్చి. ఎవరి గోలీ ముందు గుంటలో పడితే వారిదే గెలుపు. అయితే తన గోలీని ఎవరూ కొట్టి తరమకుండా ఆయన ఒక నియమం పెట్టాడు: ఎదుటివారి గోలీకి తన గోలీ తగిలించినవారు ఓడినట్టే.

ఒకనాడు గురవమ్మ మేక రాజుగారి మల్లెపొదను మేసేసింది.

"నాతో ఆడు. గెలిస్తే మేక నీది, ఓడితే నాకు కూర" అన్నాడు రాజు.

ఆటలో రాజుగారి గోలీ గుంటకు జానెడు దూరంలో ఆగింది. గురవమ్మది ఎక్కడో గోడ దగ్గరుంది. అంత దూరం నుంచి గుంటలో వేయబోయి గురి తప్పితే, తర్వాతి వంతులో రాజుగారిదే గెలుపు. అందుకే ఆమె ఆ ప్రయత్నమే చేయలేదు. తన గోలీని మెల్లగా దొర్లించి, రాజుగారి గోలీకి అడ్డంగా గుంట అంచున నిలిపింది.

రాజు బోర్లా పడుకుని చూశాడు. కిరీటం జారి దొర్లిపోయింది.

"అడ్డు తియ్యవే!"

"నా వంతు అయిపోయింది ప్రభూ. ఇక తమరి వంతు."

పక్కనుంచి తిప్పి కొట్టబోతే, రాజుగారి గోలీ వెళ్లి మంత్రి చెప్పులో దూరింది. గురవమ్మ తన గోలీని చిటికెన వేలితో గుంటలోకి నెట్టింది.

"ఈ పాడు నియమం పెట్టిన వెధవ ఎవడు?" అని అరిచాడు రాజు.

మంత్రి ఆకాశం వైపు చూశాడు.

"ఎవరైతేనేం ప్రభూ," అంది గురవమ్మ మేకను విప్పుకుంటూ, "నూరేళ్లు చల్లగా ఉండాలి!"