దాచిన పసరు

పాలకొండ దగ్గర ఒక కొండవాలు ఊళ్ళో దాలినాయుడు అనే నాటువైద్యుడు ఉండేవాడు; పచ్చకామెర్లకు అతనిచ్చే పసరు కోసం పది ఊళ్ళవాళ్ళు వచ్చేవారు గానీ, అందులో ఏ ఆకులు నూరతాడో కట్టుకున్న భార్యకు కూడా చెప్పేవాడు కాదు. చెబితే మందుకు గుణం పోతుందనేవాడు. నిజానికి అతని భయమంతా తన పెద్దరికం పోతుందనే.

అతని భార్య పైడితల్లికి రొమ్ములో క్యాన్సర్ గడ్డ లేచింది. విశాఖపట్నం ఆసుపత్రిలో కీమో మొదలుపెట్టారు. ఆ మందులు కాలేయాన్ని దెబ్బతీయవచ్చని, తనకు చెప్పకుండా వేరే ఏ మందూ వాడవద్దని డాక్టరమ్మ హెచ్చరించింది. దాలినాయుడు లోలోపల నవ్వుకున్నాడు. కాలేయం సంగతి తనకు ఒకరు చెప్పాలా? మర్నాటి నుంచి భార్యకు పరగడుపున పసరు పోయడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెవిన వేద్దామని పైడితల్లి ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

రెండు విడతలకే గడ్డ సగానికి కరిగింది. మూడో విడతకు వెళ్ళినప్పుడు రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిందని తేలింది.

"ఇంటి దగ్గర ఆకుమందు ఏమైనా ఇస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

పైడితల్లి మొగుడి మొహం చూసింది.

"లేదమ్మా. గంజి, చారన్నం, అంతే," అన్నాడు దాలినాయుడు.

తప్పు కీమోదే అనుకుని డాక్టరమ్మ దాన్ని ఆపేసింది. దాలినాయుడు ఇంటికెళ్ళి, కాలేయం బాగుపడుతుందని పసరు రెండు పూటలా పోశాడు. రెండు నెలలైనా కాలేయం కుదుటపడలేదు. కరిగిన గడ్డ మళ్ళీ పెరిగింది. ఆఖరికి పైడితల్లే తెగించి నిజం చెప్పేసింది.

డాక్టరమ్మ పాత రక్తపరీక్షల కాగితాలు తీసి మళ్ళీ చూసింది.

"ఆ రోజే చెప్పి ఉంటే పసరు ఆపేవాళ్ళం. పనిచేస్తున్న మందును ఆపేశాం నాయుడుగారూ," అంది.

పసరు మానేసిన నెలకు కాలేయం తేరుకుంది. కానీ అప్పటికే జబ్బు ఎముకలకు పాకింది. తొలకరి పడకముందే పైడితల్లి కన్నుమూసింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు మందులే ఆమెను పొట్టన పెట్టుకున్నాయని తిట్టారు. దాలినాయుడు తల వంచుకుని విన్నాడు. కాదని చెప్పడానికి అప్పుడు కూడా అతనికి నోరు రాలేదు.

వైద్యం చేసేవారి దగ్గర దాచిన మందు, ఎంత ప్రేమతో పోసినా, విషంతో సమానం.