నలుపు కడిగిన నాణేలు

ఓబుళాచారిలో ఒక మంచి గుణం ఉంది. తన చేతికొచ్చిన వస్తువును మెరిపించకుండా తిప్పి పంపడు. ముక్కుపుడకకు మాటు వేయమని ఇస్తే మాటు వేసి, మెరుగు పెట్టి, ఇచ్చినామె వేలి ఉంగరం కూడా తీయించి తుడిచి పంపుతాడు. దానికి కూలి అడగడు. "ఆచారి చేయంటే చేయి" అన్న మాట చెవిన పడేదాకా గడప దగ్గర నిలబడతాడు, అంతే. దీన్ని ఆయన వృత్తిధర్మం అంటాడు. ఆయన భార్య కాశమ్మ దీనికి వేరే పేరు పెట్టింది గానీ, అది ఇంట్లో మాట.

ప్రొద్దుటూరులో నలభై ఏళ్ళుగా కంసాలి పని చేస్తున్న ఆచారికి యాభై ఎనిమిదో ఏట ఎడమ కంటి అంచున చీకటి మొదలైంది. కంటి డాక్టరు దీపం వేసి చూసి, నరం ఎండుతోందన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలవొచ్చు అన్నాడు.

ఆ "నిలవొచ్చు" ఆచారికి నచ్చలేదు. చూపు లేని కంసాలిని ఎవరు పిలుస్తారు? ఉన్న డబ్బు ఏదైనా గట్టి సరుకులో పెడితే, తను కూర్చున్నా అది పెరుగుతూ ఉంటుందనుకున్నాడు.

ఏ సరుకన్నదే తేలలేదు. తోటి కంసాలులు బంగారు బిస్కెట్టు కొనిపెట్టుకోమన్నారు. అదే వారం హైదరాబాదు నుంచి పాత నాణేల వ్యాపారి ఒకడు దిగాడు.

"బంగారం రోజూ తవ్వుతూనే ఉంటారు ఆచారిగారూ. చచ్చిపోయిన రాజు మళ్ళీ లేచొచ్చి నాణెం కొట్టడు కదా" అన్నాడు.

ఇంత అందమైన మాట చెప్పేవాడు అబద్ధమెందుకు ఆడతాడనిపించింది ఆచారికి. అయినా తొందరపడలేదు. తన గురువును అడిగాడు.

గురువంటే దస్తగిరి సామి. ఊరి చివర చిన్న దర్గా పక్కన నులక మంచాలు అల్లుకుని బతికే ముసలి ఫకీరు. ఇరవై ఏళ్ళుగా గురువారం గురువారం వెళ్ళి ఆయన పక్కన కాసేపు కూర్చోవడమే ఆచారి శిష్యరికం.

"సామీ, బిస్కెట్టు కొనాల్నా, పాత నాణేలు కొనాల్నా?"

సామి నులక తడుపుతూ, "నాకేం తెలుసు ఆచారీ" అన్నాడు.

పెద్దల మాటలో ఒక సౌకర్యం ఉంది. ఎటు కావాలంటే అటు అర్థం చేసుకోవచ్చు. ఆచారి నాణేల వైపు అర్థం చేసుకున్నాడు. చీటీ ఎత్తిన డబ్బంతా పోసి పన్నెండు పాత వెండి రూపాయలు కొన్నాడు. ఒక్కొక్కటి ఒక్కో ప్లాస్టిక్ కవరులో ఉంది. చేత్తో ముట్టుకోవద్దని చెప్పి, ఆరు నెలల్లో మంచి గిరాకీని వెంటబెట్టుకొస్తానని వ్యాపారి వెళ్ళాడు. నిజంగానే ఐదో నెలలో కబురు పెట్టాడు, గిరాకీ సోమవారం వస్తున్నాడని.

ఇక్కడే ఆచారి మంచి గుణం అడ్డం వచ్చింది.

నాణేలు అట్లపెనం అడుగులా నల్లగా ఉన్నాయి. ఐదు నెలలు ఓర్చుకున్న మనిషి, పెళ్ళివారు గుమ్మంలోకి వస్తుంటే పిల్ల మొహం కడగకుండా ఎలా ఉంటాడు? చింతపండు నానబెట్టాడు. కుంకుడు రసం తీశాడు. రాజుగారి చెవి సందుల్లో కూడా కుంచె పెట్టి తోమాడు. ఆదివారం సాయంత్రానికి పన్నెండుమంది రాజులూ అప్పుడే అచ్చులోంచి లేచినట్టు తళతళలాడారు.

సోమవారం గిరాకీతో వచ్చిన వ్యాపారి నాణేల పెట్టె మూత తీసి, ఒకదాన్ని వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు.

"ఏం చేశారు వీటిని?"

"కడిగినా" అన్నాడు ఆచారి, మెచ్చుకోలు కోసం గడప దగ్గరికి నడుస్తూ.

"ఎవరు కడగమన్నారయ్యా? వందేళ్ళ నలుపది. దాన్ని చూసే డబ్బిచ్చేది."

గిరాకీ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. పోతూ పోతూ వ్యాపారి, ఇప్పుడివి తూకానికి వెండి, అంతకుమించి ఏమీ కాదని చెప్పాడు.

కాశమ్మ వంటింట్లోంచి అంతా వింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె పొయ్యి మీది గిన్నె దించుకొచ్చి ఆచారి ముందు పెట్టింది.

"మసికి ధర కట్టే మనిషిని ఇప్పుడే చూస్తి. ఆయప్పను ఒకసారి వెనక్కి పిలువు. నా దగ్గర శానా ఉంది" అంది.

నవ్వించాలనే అంది. ఆచారికి నవ్వు రాలేదు. ఆమె పక్కన కూర్చుని, ఆ పూట వేయాల్సిన చుక్కల మందు కంట్లో వేసింది. ఆ కంట్లోంచి మందుతో పాటు ఇంకేదో కూడా కారింది. ఆమె చూడనట్టే తుడిచింది.

గురువారం దాకా ఆగలేక ఆచారి ఆ మధ్యాహ్నమే పెట్టె చంకన పెట్టుకుని దర్గాకు పోయాడు. సామి ఎక్కడో చూస్తూ, చేతులతో మంచం అల్లుతున్నాడు. ఆచారి జరిగిందంతా చెప్పాడు. తన తప్పు కొంచెం తగ్గించి చెబుదామనుకున్నాడు గానీ, ఎక్కడ తగ్గించాలో దొరకలేదు.

"కండ్లు పోతాండాయి, డబ్బు పాయె. ఇంకేం పెట్టుకోని బతకాల సామీ?"

సామి పెట్టె తెరిచి చూసి, "బాగా కడిగినావే" అన్నాడు.

"బాగానే కడిగినా" అన్నాడు ఆచారి. ఆ దుఃఖంలో కూడా ఆ మాటకు కాస్త ఊరట కలిగింది, దాచడమెందుకు.

"కండ్లు మూసుకో."

మూసుకున్నాడు. అరచేతిలో చల్లగా ఒక నాణెం పడింది.

"ఇదేంది?"

ఆచారి దాన్ని వేలితో తడిమి, కింద నాపరాయి మీద జారవిడిచాడు. మోత లేచి, సన్నగా సాగి సాగి ఆగింది.

"వెండి. కొంచెం రాగి కలిసిన వెండి."

"ఇది?"

"ఇదీ వెండే. అయితే అంచు ఎవడో ఆకురాయితో గీకినాడు. దొంగనాయాలు, చేయి మాత్రం మంచిది."

సామి నవ్వాడు. మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆచారి ఒక్కోదాన్ని మోగించి చెబుతూ పోయాడు. ఒకటి ఎవరి మెడలోనో చాలాకాలం వేలాడిందన్నాడు, కొక్కెం అతికిన చోట వేలికి తగిలిందట. ఏడుపు గొంతు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు అంగట్లో గొంతు వచ్చిందో ఆయనకే తెలియదు.

ఏడోది రాయి మీద పడి, టక్కుమని చచ్చిపోయింది.

ఆచారి దాన్ని వెతికి తీసి మళ్ళీ వదిలాడు. మళ్ళీ అంతే.

"ఇది వెండి కాదు సామీ. లోపల ఇంకేదో పోసి పైన పూత పూసినారు."

కళ్ళు తెరిచి చూశాడు. పన్నెండింటిలోకి ఎక్కువ మెరిసేది అదే. ఎక్కువ ధర పోసిందీ దానికే.

"కొనేటప్పుడు తెలీలేదా?"

"అప్పుడు మోగించలేదు. కవర్లో నుంచి చూసినా."

"కడిగేటప్పుడు?"

ఆచారి దాన్ని విడిగా పక్కన పెడుతూ, "అప్పుడూ చూస్తానే ఉన్నా" అన్నాడు.

సామి ఎనిమిదో నాణెం తీసి పట్టుకున్నాడు.

"మూసుకో. ఇంకా ఉండాయి."

పన్నెండూ అయిపోయాక ఆచారి పెట్టె మూసి, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. మనసు ఒప్పుకోలేదు.

"అయినా సామీ, ఆ బిస్కెట్టే కొనుంటే?"

"నన్నడిగితే నులక కొనమంటా" అన్నాడు సామి. "నాకు తెలిసిన సరుకు అదొక్కటే."

అని, అల్లుతున్న నులక కొస ఆచారి చేతికిచ్చాడు. "గట్టిగా పట్టుకో. చూడొద్దు, పట్టుకో."

ఆచారి పట్టుకున్నాడు. మంచం పూర్తయ్యేదాకా వదల్లేదు.

పూత నాణేన్ని వ్యాపారి ముందు మోగించి, దాని డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు ఆచారి. మిగిలిన పదకొండూ కరిగించి కాలి కడియాలు చేసి అమ్మితే, వెండి ధర మీద పనికూలి మిగిలింది. పోయింది పోయిందే. ఇప్పుడు అంగళ్ళలో అనుమానం తగిలిన వెండి మోగించడానికి ఆయన దగ్గరికి వస్తుంది. కళ్ళు మూసుకుని వింటాడు. మూయనక్కర్లేనప్పుడు కూడా మూస్తాడని కాశమ్మ అంటుంది. అదీ నిజమే.

విని, తేల్చి చెప్పాక, కళ్ళు తెరవాలి. ఈసారి కూడా వెలుతురు కనిపిస్తుందా అని అప్పుడు గుండె జారుతుంది. జారకుండా తెరవడం ఎలాగో ఆయనకు ఇంకా రాలేదు.